సామాజికుఁడును వెండితెరయు
ఉత్తరాంధ్రమున సినిమాప్రదర్శనముల చరిత్ర

నాటకమును జూచువానికి సంస్కృతలాక్షణికులు రెండు పేరులు పెట్టిరి. ఒకటి ప్రేక్షకుఁడు, రెండవది సామాజికుఁడు. ప్రేక్షకశబ్దమునందున్నది చూపు మాత్రమే. కన్నులున్న ప్రతివాఁడును, ఒంటిగా నున్నను, ప్రేక్షకుఁడు కావచ్చును. సామాజికశబ్దమట్టిది కాదు. సమాజములోనికి వచ్చి చేరువాఁడు సామాజికుఁడని పాణినీయులు తద్ధితప్రత్యయముచే దీనిని సాధించిరి. సమాజశబ్దమునందును వారు చూపిన భేదము గమనింపఁదగినది. అజధాతువునకు 'సమ్' అను నుపసర్గ పూర్వమందున్నపుడు పశువుల గుంపు 'సమజము' అగును; మనుష్యుల కూటమి 'సమాజము' అగును. గుంపునకును కూటమికిని గల యంతరము ఒక్క దీర్ఘముచే నిలుపఁబడినది. అభినవగుప్తుఁడు భరతనాట్యశాస్త్రమునకు వ్రాసిన వ్యాఖ్యలో, కూడిన సామాజికులందఱి యనుభవమును ఒకటిగా గట్టిపడినపుడే రసము మిక్కిలి పరిపుష్టి నొందునని చెప్పెను. అనఁగా రసము రంగమునందే కాక, చూచువారి యొండొరుల సన్నిధియందును గలదని యాయన మతము.

తెలుఁగుదేశపు సినిమాచరిత్రము వ్రాయువారు చిత్రములనుగూర్చియు, నటులనుగూర్చియు, నిర్మాతలనుగూర్చియు విరివిగా వ్రాసియున్నారు. చూచిన కూటమినిగూర్చి వ్రాసినది స్వల్పము. కాని గరివిడివంటి యూళ్లలో సినిమా యనఁగా నేమో తెలియవలెనన్నచో మొదట విచారింపవలసినది ఆ కూటమినే. ఏలయన, చిత్రములు మద్రాసునందో, కలకత్తాయందో, బొంబాయియందో తయారై వచ్చినవి; సమాజము మాత్రము ఆ యూరిదే.

గరివిడి నేఁడు విజయనగరము జిల్లాలోనిది. 1979 జూన్ 1 వ తేది నా జిల్లా యేర్పడకముందు చీపురుపల్లి తాలూకా శ్రీకాకుళము జిల్లాలోను, 1950 కి ముందు విశాఖపట్టణము జిల్లాలోను ఉండెను. ఈ ప్రాంతమునకు రెండు సంపదలు గలవు. మొదటిది మాంగనీసు. 1892 లో విజయనగరము మైనింగు కంపెనీవారు ఈ ప్రాంతమున మాంగనీసు ఖనిజమును త్రవ్వ నారంభించిరి. భారతదేశమున నీ ఖనిజమును త్రవ్వుట కదియే మొదలు. కోడూరు, గర్భాము గనులు భూగర్భశాస్త్రజ్ఞుల గ్రంథములకెక్కినవి. కోడూరు పేరున 'కోడురైటు' అని యొక శిలాజాతికే నామకరణము జరిగినది. 1893 మొదలు 1896 వఱకు తూర్పుతీరపు రైలుమార్గము భాగములుగాఁ దెఱవఁబడెను. 1955 లో స్థాపింపఁబడిన ఫెర్రో అల్లాయ్స్ కార్పొరేషను గరివిడియందుఁ గర్మాగారమును నిర్మించెను. గని, రైలు, కర్మాగారము—ఈ మూఁటివలనను వ్యవసాయపు టూరిలోఁ గూలిరూపమున నగదు తిరుగ నారంభించెను. నగదు లేని చోటికి టిక్కెట్టుపై నాధారపడు వినోదము రాదు గదా.

రెండవ సంపద కళ. గనులు త్రవ్వనారంభించిన 1892 వ సంవత్సరముననే విజయనగరమున గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కమును జగన్నాథవిలాసినీ సభవారు ప్రదర్శించిరి. బొబ్బిలి సమీపమందలి అజ్జాడయందు 1864 లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసు హరికథకుఁ బితామహుఁడయ్యెను. 1919 లో విజయనగరమున వెలసిన సంగీతకళాశాలకు మొదటి యధ్యక్షుఁడును ఆయనయే. పల్లెలలోఁ దూర్పుభాగవతము రాత్రియెల్ల మద్దెలల మ్రోఁతతో సాగుచుండెను. తోలుబొమ్మలాటవారు తెల్లని తెరవెనుక దీపముంచి, బొమ్మల నీడలచే రామాయణమును నడపుచుండిరి. తప్పెటగుళ్లును, జముకులకథయు నీ ప్రాంతపు సొత్తు. ఇందు వేనికిని కట్టిన మందిరము లేదు. గుడిముందరి బయలు, నాలుగు రాటలు, పందిరి, వెలుఁగు, కూడిన జనము—ఇంతియే సామగ్రి. కాఁబట్టి చీఁకటిలోఁ దెల్లని తెరకు ఎదురుగాఁ గూర్చుండి, నీడలు కదలుట చూచి, ఊరంతయు నొక్కసారి నవ్వుటయు నేడ్చుటయు నీ దేశీయులకుఁ గ్రొత్త గాదు. క్రొత్తది యంత్రము మాత్రమే.

ఆ యంత్రము మనదేశమునకు 1896 జూలై 7 వ తేదిని బొంబాయి వాట్సన్ హోటలునందు వచ్చెను. దానిని తెలుఁగువారి యెదుటికిఁ దెచ్చినవారిలో నగ్రగణ్యుఁడు మచిలీపట్టణమున 1869 లో జన్మించిన రఘుపతి వెంకయ్య. మద్రాసులో ఛాయాగ్రాహకుఁడైన యాయన, 1910 ప్రాంతమున బొమ్మను ధ్వనితోఁగూడఁ జూపెడు క్రోనో మెగాఫోను అను యంత్రమును దెప్పించి, విక్టోరియా పబ్లిక్ హాలునందుఁ బ్రదర్శించి, పిమ్మట దానితో సంచారమునకు వెడలెను. సింహళమునకును, బర్మాకును గూడ నాయన పోయెను. గంజాము, విశాఖపట్టణము మండలముల కూలివారు వేలకొలఁది ఓడలెక్కి రంగూను చేరుచుండిన కాలమది. తరువాత నాయన మద్రాసున గెయిటీ మొదలైన ప్రదర్శనశాలలను గట్టించెను. 1921 లో భీష్మప్రతిజ్ఞ యను మూఁగచిత్రమును ఆయన పుత్రుఁడు ప్రకాశ్ నిర్మించెను. ఆ యేఁటనే విజయవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా యను స్థిరమైన శాలను నెలకొల్పెను. సంచారము మొదట, మందిరము పిమ్మట—ఇది గుర్తుంచుకొనవలసిన క్రమము.

మూఁగచిత్రములకాలమునఁ దెరప్రక్కన నొక వ్యాఖ్యాత నిలుచుచుండెను. తెరమీఁదఁ గనఁబడు నక్షరములు చదువలేనివారి కాయన వానిని చదివి, కథను జెప్పి, సందర్భమునుబట్టి హాస్యమాడి, పాత్రల నోట మాటలు పలుకుచుండెను. హరికథకును తోలుబొమ్మలాటకును అలవాటుపడిన చెవులకు నీ వ్యాఖ్యాత పరాయివాఁడుగాఁ దోఁచియుండఁడు. 1932 లో భక్తప్రహ్లాదతోఁ దెలుఁగు తెర మాటలాడ మొదలిడఁగా వ్యాఖ్యాత పని ముగిసెను. 1936 లో రాజమహేంద్రవరమున నిడమర్తి సూరయ్య దుర్గా సినీటోను స్థాపించెను. విశాఖపట్టణమున ఆంధ్రా సినీటోను వెలసి, 1938 లో భక్తజయదేవ చిత్రమును దయారుచేసెను. ఉత్తరాంధ్రమున స్టూడియోల ప్రయత్నము నిలువలేదు; ప్రదర్శనములు మాత్రము నిలిచినవి.

పట్టణములలో ఇటుకగోడల శాలలు లేచినను, పల్లెలకు సినిమా డేరాలోనే చేరెను. టూరింగు టాకీసనియు, డేరాసినిమాయనియు దీనికిఁ బేరులు. మనదేశమున సినిమాచట్టము 1918 లోఁ బుట్టినది. ఆంధ్రరాష్ట్రమున ప్రదర్శనశాలల నియంత్రణమునకు వేఱుగా 1955 లోఁ జట్టము చేయఁబడెను. స్థిరమైన శాలకును, తాత్కాలికమైన డేరాకును అనుమతిపత్రములు వేఱు. డేరాకిచ్చిన యనుమతి కొంతకాలమునకే చెల్లును. గడువు తీఱిన డేరా విప్పి వేఱొక యూరికిఁ బోవలెను. విద్యుత్తు లేని యూళ్లలో నూనె యింజనుతోఁ దీఁగెలకు ప్రవాహమును బుట్టించి, కర్బనపుఁ గడ్డీలను మండించి వెలుఁగు తెచ్చుచుండిరి. వేయి అడుగుల ఫిలిముచుట్ట 11 నిమిషములు నడచును. కావున మూఁడుగంటల చిత్రమునకుఁ బదునాఱు, పదునేడు చుట్టలు కావలెను. యంత్రమొక్కటే యున్నచోఁ జుట్ట ముగిసిన ప్రతిసారియు దీపము వెలిఁగించి, క్రొత్తచుట్ట యెక్కించువఱకు జనము వేచియుండవలసినదే. ఆ విరామములలోఁ గథనుగూర్చి ఒకరితో నొకరు ముచ్చటించుకొనుట సహజము. వేరుసెనగలు, సోడాబుడ్లు, పాటలపుస్తకములు అమ్ముడుపోవుట కదియే యదను. యంత్రముయొక్క లోపమే సమాజమునకుఁ గుణమైనది.

టిక్కెట్టు తరగతులు నేల, బెంచీ, కుర్చీ. ఇసుక పోసిన నేలమీఁదఁ గూర్చుండువారు తెరకు దగ్గఱ, డబ్బెక్కువయిచ్చినవారు దూరము. నాటకశాలలలో ముందువరుస ధనికులది. ఇచట నా క్రమము తలక్రిందయ్యెను. తమిళదేశపు సినిమాశాలనుగూర్చి కార్తిగేసు శివత్తంబి యను సింహళదేశపు విద్వాంసుఁడు చేసిన నిర్ణయమొకటి యిచట స్మరింపఁదగినది. తమిళులందఱును నొక్క కప్పుక్రిందఁ గూర్చుండిన మొదటి కళాస్థానము సినిమాశాలయనియు, అందుఁ గూర్చుండు తావును నిర్ణయించునది పుట్టుక కాక కొనుశక్తియేయనియు నాయన 1981 లోఁ బ్రకటించెను. ఇది తెలుఁగుదేశమునకును జాలవఱకు వర్తించును. గుడిలోపలికిఁ బోరాని వాఁడును డేరాలోనికిఁ బోఁగలిగెను. నాలుగణాలకుఁ గొన్న తావునుండి యాతనిని లేపుట కెవ్వరికిని చట్టము చాలదు. అయినను దీనిని బూర్ణసమత్వమని పొగడరాదు. స్త్రీపురుషుల నడుమ తడికయో తెరయో కట్టుట వాడుకగా నుండెను. కుర్చీకిని నేలకును గల దూరము పుట్టుకదూరముతోఁ దఱచుగా సరిపోవుచునే యుండెను. కలసి కూర్చుండుట యొకటి, కలసి బ్రదుకుట మఱియొకటి. కాని మొదటిది లేనిదే రెండవదానికిఁ దలఁపైన రాదు.

ఇట్టి కూటమిని బ్రభువులు శంకించుట ప్రాచీనము. అశోకుని మొదటి శిలాశాసనము సమాజములను గూడదని నిషేధించుచు, వానియందుఁ జాల దోషమున్నదనియు, కొన్ని సమాజములు మాత్రము మంచివనియుఁ జెప్పినది. ఆ శాసనము గంజామునందలి జౌగడశిలమీఁదఁ గూడఁ గలదు. అనఁగా గరివిడికి సమీపమైన కళింగభూమియందే. ఇరువదిరెండు శతాబ్దముల తరువాతను ఆ విభాగమే—మంచి సమాజమేది, దోషసమాజమేది యను విచారమే—సినిమాయందుఁ బునరావృత్తమయ్యెను. గూడవల్లి రామబ్రహ్మము 1938 లో మాలపిల్లను, 1939 లో రైతుబిడ్డను దీసెను. మొదటిది కులమును, రెండవది జమీందారీని విమర్శించినది. రైతుబిడ్డను బొబ్బిలి, వేంకటగిరి జమీందారు లెదిర్చిరి. కొన్ని తావుల దాని ప్రదర్శనము నిషేధింపఁబడెను. కథ యెల్లరు నెఱిఁగినదే, పన్నులబాధ రైతులకుఁ దెలియనిది గాదు. ఇంక భయమెందులకు? ఒక్కొక్క రైతు తన యింటఁ దానెఱిఁగిన బాధను, వందలమంది యొక్కచోటఁ గూర్చుండి యొక్క క్షణమున నెఱుఁగుట వేఱు. ప్రభువులు శంకించినది బొమ్మనుగాదు, సమాజమును.

ఈ జిల్లాకును తెరకును గల మఱియొక సంబంధము పాట. సాలూరు సమీపమందలి శివరామపురమున 1922 లో జన్మించిన సాలూరి రాజేశ్వరరావు తెలుఁగు సినిమాసంగీతమునకుఁ బ్రధానశిల్పులలో నొకఁడయ్యెను. అదే సంవత్సరమునఁ గృష్ణామండలమున జన్మించిన ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతము నేర్వఁగోరి విజయనగరమునకు వచ్చి, పట్రాయని సీతారామశాస్త్రి కడ శిష్యుఁడై, ఆ పట్టణపు గృహిణులు పెట్టిన మధూకరముతోఁ బొట్టపోసికొని చదివెను. విజయనగరముననే 1935 లోఁ బుట్టిన పి. సుశీల యచటి సంగీతకళాశాలలోనే యభ్యసించెను. 1957 నాఁటి మాయాబజారులో నీ మువ్వురును గలసిరి: కొన్ని పాటలకు వరుసలు గట్టినది సాలూరి, సంగీతమును నిర్వహించి పాడినది ఘంటసాల, పాడినవారిలో నొకతె సుశీల. ఆ కథయైనను డేరాలకుఁ బ్రాఁతదే. 1885 లో మొదలైన సురభి నాటకసమాజములవారు గుడారములు వేసికొని యూరూరఁ దిరుగుచు మాయాబజారు నాటకమును మిక్కిలిగా నాడియున్నారు. ఘంటసాలకు భిక్షవేసిన చేతులవారు, ఆయన గొంతును సాయంకాలమున డేరామీఁది లౌడుస్పీకరునుండి వినిరి. ఆట మొదలగుటకు సూచనగా నాయన పాడిన వేంకటేశ్వరస్తుతిని వేయుట తెలుఁగుదేశమంతటను వాడుకయయ్యెను. 1892 లో విజయనగరపు రంగమునఁ బుట్టిన కన్యాశుల్కమును 1955 లోఁ జలనచిత్రమై యీ పల్లెలకుఁ దిరిగివచ్చెను. ఊరు తానిచ్చినదానిని మఱల సొంతము చేసికొనుటకు డేరా తావయ్యెను.

డేరా యంతరించుటకుఁ గారణములు పెక్కు. విద్యుత్తు వచ్చుటతో మండలకేంద్రములలో స్థిరశాలలు పెరిగినవి. దూరదర్శనము మొదట సమాజమునకు శత్రువుగా రాలేదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు జరిగిన యుపగ్రహబోధనప్రయోగమున ఆంధ్రప్రదేశముతోఁగూడ ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు, ఊరికొకటిగా, అందఱును గూడి చూచుటకే పెట్టెలు పంపఁబడినవి. 1977 లో హైదరాబాదు కేంద్రము వెలసినది; 1995 లోఁ బ్రైవేటు తెలుఁగు చానెళ్లు ప్రసారములు మొదలిడినవి. పెట్టె యూరినుండి యింటికిని, ఇంటినుండి గదికిని, తుదకు ఫోనురూపమున నఱచేతికిని జేరెను. ఫిలిముచుట్టలు పోయి సంఖ్యారూపమైన ప్రదర్శనము వచ్చినపుడు, క్రొత్తయంత్రమును గొనలేని చిన్నశాలలు వెనుకఁబడెను. 2020 లో మహమ్మారివలన శాలలన్నియు మూఁతవడెను. 2021 ఏప్రిలునఁ బ్రభుత్వము టిక్కెట్టుధరలను నిర్ణయించుచు, గ్రామపంచాయతులలో శీతలయంత్రములు లేని శాలలకు 5, 10, 15 రూపాయలని విధించెను. అంత తక్కువకు నడపలేమని యజమానులనిరి. అంతకు మించినఁ బేదకు భారమని ప్రభుత్వమనెను. ఆ డిసెంబరున రాష్ట్రమునఁ గొన్ని శాలలు మూఁతపడెను. 2022 మార్చిలో ధరలు హెచ్చింపఁబడెను. ఈ వివాదమున నిరుపక్షముల వాదమును సత్యమే. నేలటిక్కెట్టు కొనువాఁడు లేనిచో సమాజము లేదు. నేలటిక్కెట్టుతోనే శాల బ్రదుకదు.

అయినచో గతియేమి? దేశమునందు దీనికి లాభాపేక్షలేని మార్గమొకటి మునుపే కనిపెట్టఁబడినది. 1947 లోఁ గలకత్తాలో సత్యజిత్ రాయ్, చిదానందదాస్ గుప్తా మున్నగువారు ఫిలిం సొసైటీని స్థాపించిరి; 1959 లో నట్టి సంఘములకు సమాఖ్య యేర్పడెను; 1974 లో హైదరాబాదు ఫిలిం క్లబ్బు వెలసెను. సభ్యులు చందా లిత్తురు. నియతమైన దినమునఁ జిత్రమును జూతురు. పిదప దానినిగూర్చి మాటలాడుదురు. పట్టణపు విద్యావంతులకే యిది పరిమితమని యాక్షేపము గలదు. ఆక్షేపము నిజమే గాని, పద్ధతి పల్లెకు సరిపడనిది గాదు. చందా యెత్తి భాగవతులను బిలిపించుట, ఆట ముగిసిన పిదప రచ్చబండమీఁద దాని మంచిచెడ్డలు విచారించుట—ఇవి పల్లెలకు సొసైటీలు నేర్పవలసిన విద్యలు గావు.

శాల యెంతయుండవలెనను ప్రశ్నకు భరతముని యుత్తరము చెప్పియున్నాఁడు. ప్రేక్షాగృహములలో 108 హస్తములది జ్యేష్ఠము, 64 హస్తములది మధ్యమము, 32 హస్తములది కనిష్ఠము. మనుష్యులకు మధ్యమమే తగినదనియు, అంతకు మించినచో మాట స్పష్టముగా వినఁబడదనియు, ముఖమునందలి భావము కనఁబడదనియు నాయన కారణము చెప్పెను. దీర్ఘచతురస్రమైన మధ్యమశాల 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు. అనఁగా దాదాపు 96 అడుగులు, 48 అడుగులు. అందు సగము రంగమునకును నేపథ్యమునకును బోఁగా, సామాజికులకు మిగులునది 48 అడుగుల చదరము. గ్రామమందలి బడిలోనో, గ్రంథాలయములోనో, కల్యాణమండపములోనో యింత తావు దొరకుట దుర్లభము గాదు. తెరమీఁది ముఖము నేఁడెంత పెద్దదైనను గావచ్చును, ధ్వని యెంత దూరమైనను బోవచ్చును. కావున భరతుని హేతువు యంత్రమునకుఁ జెల్లకపోవచ్చును. కాని ప్రక్కవాని ముఖమునకుఁ జెల్లును. ఒకరి నవ్వు మఱియొకరికిఁ గనఁబడునంత శాలయే సమాజమునకుఁ దగిన శాల.

గరివిడి పేరు నేఁడు తెలుఁగుదేశమున వినఁబడుటకు గనులొక్కటియే కారణము గాదు. గరివిడి లక్ష్మి యను బుఱ్ఱకథకళాకారిణి తన యూరిపేరినే తన యింటిపేరుగాఁ జేసికొని ఉత్తరాంధ్రపు రాత్రులను బాటతో నింపినది. ఆమె జీవితము నాధారముగాఁ జేసికొని యామె పేరుననే చలనచిత్రమొకటి పూనుకొనఁబడి, 2025 లో దాని పాట వెలువడినది. బయలుపందిరిలో నూరు పాడించికొన్న కథకురాలు తెరకెక్కుట సంతోషకరమే. అట్టి కథను ఎవరి ఫోనులో వారు చూచినఁ బ్రేక్షకులకు లోపము లేదు. ఆ యూరివారు కొందఱైనను ఒక సాయంకాలమున నొకచోటఁ గూడి చూచి, ఆమె పాట విన్న పెద్దలు వినని పిల్లలకుఁ జెప్పుకొన్నచో, అపుడు వారు సామాజికులగుదురు. ఆ రెండు పదముల నడుమఁ గల దూరమే గ్రామమున సినిమాశాల యుండవలెనా యను ప్రశ్నకు నిజమైన విషయము.